చూరుకు మూత వేస్తే... మంచు ఆగుతుందా?

మంచు కురిసే దేశంలో సొంతిల్లు కొన్న మొదటి ఏడాదే ఎదురయ్యే ప్రశ్న ఇది. గట్టర్లకు 'గార్డులు' బిగించుకోమని తలుపు తట్టి మరీ చెబుతారు. వేల డాలర్ల వ్యవహారం. ఏది కొనాలో తేల్చుకునే ముందు అది ఏ పని చేస్తుందో, ఏ పని చేయలేదో తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, ఇల్లూ బాగుంటుంది.

అక్టోబరు వచ్చిందంటే చాలు... మినియాపొలిస్, మిల్వాకీ, బఫెలో, బోస్టన్, టొరంటో, ఏ ఊళ్లో చూసినా చెట్లు పండగ చేసుకుంటాయి. మేపుల్ ఎర్రబడుతుంది. బర్చ్ పసుపురంగు పులుముకుంటుంది. కొత్తింటి ముందు నిలబడి తీసుకున్న ఫొటోలు ఆ రాత్రికే విజయవాడకీ వరంగల్‌కీ చేరిపోతాయి. 'ఎంత బాగుందమ్మా మీ ఇల్లు' అని ఇక్కడ అమ్మానాన్నలు మురిసిపోతారు. రెండు వారాలు తిరక్కుండానే ఆ అందమంతా రాలిపోతుంది. కొంత నేలమీద, కొంత పైకప్పు అంచునున్న గట్టర్‌లో. సరిగ్గా అప్పుడే తలుపు సందులో ఓ కరపత్రం కనిపిస్తుంది. ఇక జన్మలో నిచ్చెన ఎక్కక్కర్లేదు, మా గార్డు బిగిస్తే ఆకులూ ఉండవు, మంచుగడ్డలూ ఉండవు అని!

ఆకుల మాటలో నిజం ఎక్కువ. మంచు మాటలో నిజం తక్కువ. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లే చాలామంది ముందు పెట్టాల్సిన ఖర్చు వెనక, వెనక పెట్టాల్సిన ఖర్చు ముందు పెడుతుంటారు.

మన గట్టర్ కాదది!

గట్టర్ అనగానే మనకు గుర్తొచ్చేది వీధి పక్కన పారే మురుగుకాలువ. అక్కడి గట్టర్ కాళ్లకింద కాదు, నెత్తిమీద ఉంటుంది. పెంకుటిళ్ల రోజులు తెలిసినవాళ్లకు చప్పున అర్థమవుతుంది. చూరు నీళ్లు గుమ్మంలో పడకుండా రేకుతో దోనెలాంటిది చేసి వేలాడదీసేవాళ్లు కదా, అదే ఇది. వాలు కప్పు మీద పడిన నీళ్లన్నీ అంచుకు జారి ఆ దోనెలో పడతాయి. మూలనున్న గొట్టంలోంచి కిందికి దిగుతాయి. ఆ గొట్టాన్ని డౌన్‌స్పౌట్ అంటారు. అక్కడి ఇళ్లకు ఎక్కువగా కనిపించేది అల్యూమినియంతో చేసిన 5 అంగుళాల గట్టర్. పెద్ద కప్పులకు 6 అంగుళాలది వేస్తారు.

ఇంత చిన్న దోనెకు అంత ప్రాధాన్యం ఎందుకంటే దాని కింద ఉన్నది మట్టి నేల, ఆ నేల కింద ఉన్నది ఇంటి సెల్లారు. చలి ప్రాంతాల్లో చాలా ఇళ్లకు బేస్‌మెంట్ ఉంటుంది. మన పిల్లలు అందులోనే హోమ్ థియేటరు పెట్టుకుంటారు, ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లకు పడకగది కట్టిస్తారు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే చేరే నీళ్లు దాదాపు 2,360 లీటర్లు. రెండొందల లీటర్ల డ్రమ్ములతో కొలిస్తే పన్నెండు డ్రమ్ములు. గట్టర్ ఆకులతో పూడుకుపోతే ఆ నీళ్లన్నీ పొంగి గోడ పక్కనే పడతాయి. పునాది వెంట దిగి బేస్‌మెంట్ గోడల్ని తడుపుతాయి. చలికాలంలో అయితే ఇంకో తంటా. మట్టిలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, గుమ్మం మెట్లనూ నడకదారి పలకలనూ పైకి లేపేస్తుంది. పొంగిన నీళ్లు మెట్లమీద పడి గడ్డకడితే కాలుపెట్టినవాళ్లు జారిపడాల్సిందే.

అందుకే గట్టర్ శుభ్రంగా ఉండటం సోకు కాదు, అవసరం. ఆకులు పడకుండా దానిమీద వేసే మూతే గట్టర్ గార్డు. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా చలికాలంతోనే.

ఊడలు దిగిన చూరు

జనవరిలో చూరంతా మంచు ఊడలు దిగి ఉంటాయి. మర్రిఊడల్లా వేలాడుతూ ఎండకు తళతళలాడుతుంటే చూడముచ్చటగా ఉంటాయి. నిజానికి ఆ ఊడలు ఇంటి యజమానికి ఓ హెచ్చరిక. పైన ఏదో తేడా ఉందని చెప్పడానికే దిగాయవి.

కథ మొదలయ్యేది కప్పు మీద కాదు, కప్పు కింద. బయట సున్నాకు పది డిగ్రీలు కింద ఉన్నా ఇంట్లో హీటరు వేసుకుని ఇరవై డిగ్రీల వెచ్చదనంలో కూర్చుంటాం. ఆ వెచ్చటి గాలి ఊరికే ఉండదు. సీలింగ్‌లో దీపాలకోసం చేసిన రంధ్రాలు, అటక ఎక్కే తలుపు సందులు, పైపుల చుట్టూ ఉన్న ఖాళీలు... ఎక్కడ దారి దొరికితే అక్కడినుంచి పైకి పోతుంది. కప్పుకీ సీలింగ్‌కీ మధ్యనున్న అటక వేడెక్కుతుంది. దాంతో కప్పు మీద పేరుకున్న మంచు అడుగునుంచి కరగడం మొదలెడుతుంది. కరిగిన నీరు మంచుదుప్పటి కిందనుంచి చూరువైపు జారుతుంది. చూరు గోడ దాటి బయటికి ఉంటుంది కాబట్టి దానికింద వేడి ఉండదు. అక్కడికి రాగానే నీరు మళ్లీ గడ్డకడుతుంది. ఇవాళ కొంచెం, రేపు కొంచెం... అలా చూరు అంచున చిన్న ఆనకట్టే లేస్తుంది. దాన్నే ఐస్ డ్యామ్ అంటారు, మన మాటలో మంచుకట్ట.

ఆనకట్ట వెనక నీళ్లు నిలుస్తాయిగా! ఇక్కడా అంతే. కప్పుకు పరిచిన తారు పలకల్ని షింగిల్స్ అంటారు. జారిపోయే నీటిని ఆపడానికే అవి పనికొస్తాయి. నిలవనీటిని ఆపలేవు. కట్ట వెనక నిలిచిన నీరు షింగిల్స్ కిందికి ఎగదన్ని, చెక్కల్లోంచి దిగి, సీలింగ్ మీద గోధుమరంగు మరకై తేలుతుంది. గోడల లోపలి ఇన్సులేషన్ తడుస్తుంది. బూజు పడుతుంది.

2014-15 చలికాలంలో బోస్టన్‌లో 110.6 అంగుళాల మంచు కురిసింది. ఆ నగర చరిత్రలో అదే రికార్డు. ఆ ఏడాది ఎక్కడ విన్నా మంచుకట్టల గోడే. కట్టల్ని ఆవిరితో కరిగించే పనివాళ్లు దొరకడమే గగనమైంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ కథలో ఆకుల పాత్ర ఎక్కడా లేదు. గట్టరే లేని ఇళ్లకూ మంచుకట్టలు లేస్తాయి. మంచుకట్టకు మూలం ఇంట్లోంచి అటకలోకి పోయే వేడేనని మిన్నెసోటా విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం చెబుతోంది. గట్టర్‌కి ఎంత ఖరీదైన మూత వేసినా ఆ వేడిని ఆపలేదు. మూత ఉన్నా లేకున్నా గడ్డకట్టే చలిలో గట్టర్ గడ్డకడుతుంది.

మరైతే గార్డు దండగా? కాదు. తడిసిన ఆకులతో నిండిన గట్టర్ గడ్డకడితే ఆ బరువు మామూలుగా ఉండదు. ఒక ఘనపుటడుగు మంచుగడ్డ దాదాపు 26 కిలోలు తూగుతుంది. ఆ బరువుకు గట్టర్ వంగుతుంది, మేకులు ఊడతాయి. అదే లోపల ఖాళీగా ఉంటే, నాలుగురోజులు ఎండ కాసి మంచు కరిగినప్పుడు నీళ్లు పోవడానికి దారి ఉంటుంది. మంచి గార్డు చేసే మేలు అంతవరకే. అది తెలిసి కొంటే తప్పులేదు.

అయిదు రకాలు... అయిదు తీర్లు

అంగడిలో పేర్లు వందున్నా పద్ధతులు అయిదే. చలిలో ఏది ఎలా ఉంటుందో చూద్దాం.

స్పాంజి: గట్టర్‌లో ఇమిడేలా కోసిన నురగ దిమ్మలు. నీళ్లు వాటిలోంచి ఇంకుతాయి, ఆకులు పైన ఆగుతాయి. చవక. ఎవరికి వాళ్లే పెట్టుకోవచ్చు. కానీ ఏడాది తిరిగేసరికి సందుల్లో దుమ్ము చేరుతుంది. మేపుల్ గింజలు పడి మొక్కలు మొలుస్తాయి. చలికాలంలో నీళ్లు పీల్చి దిమ్మంతా ఒక్క గడ్డైపోతుంది. మంచు ప్రాంతాలకు సరిపడదు.

బ్రష్షు: సీసాలు కడిగే బ్రష్షును బారుగా సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పెట్టడం తేలిక, తీయడం తేలిక. పెద్ద ఆకుల్ని ఆపుతుంది. పైన్ సూదులు మాత్రం కుచ్చుల్లో చిక్కుకుని తలలో పేలలా వదలవు. చిక్కుకున్న చెత్త తడిసి గడ్డకడుతుంది.

జల్లెడ రేకు: చిల్లులున్న ప్లాస్టిక్ లేదా అల్యూమినియం పలక. ప్లాస్టిక్‌ది కొనకపోవడమే మంచిది. ఎండకు పెళుసెక్కి, చలికి బిరుసెక్కి, మంచు బరువుకు విరుగుతుంది. మందమైన అల్యూమినియం రేకును గట్టర్ అంచుకు మరలతో బిగిస్తే మంచును బాగానే మోస్తుంది. ఓక్, మేపుల్ వంటి పెద్ద ఆకుల చెట్లుంటే చాలు. చిన్న గింజలూ, పూల పుప్పొడీ లోపలికి పోతాయి కాబట్టి రెండేళ్లకో మూడేళ్లకో తెరిచి కడగాలి. ధరకూ పనికీ పొంతన కుదిరేది దీనిలోనే.

వంపు మూత: గిన్నెలోంచి పాలు వంచుతుంటే ధార కిందికి పడకుండా గిన్నె అంచునే పట్టుకుని జారుతుంది చూడండి... ఆ సూత్రంతోనే దీన్ని చేశారు. గట్టర్‌ని పూర్తిగా కప్పేసిన రేకు ముందువైపు గుండ్రంగా వంగి ఉంటుంది. నీరు ఆ వంపును అంటిపెట్టుకుని సన్నని సందులోంచి లోపలికి పోతుంది, ఆకులు ఎగిరి కిందపడతాయి. మామూలు వానకు బాగా పనిచేస్తుంది. కుండపోత వానకు కొంత నీరు వంపును దాటి దూకేస్తుంది. చలిలో చిక్కేమిటంటే, లోపలికి దారి ఆ సందు ఒక్కటే. అది గడ్డకడితే కరిగిన నీరంతా వంపు మీదుగా కారి ఊడలు దిగుతుంది. గుమ్మం మీదా, కారు నిలిపే చోటా ఊడలు దిగితే ప్రమాదం.

సన్నని వల: స్టెయిన్‌లెస్ స్టీలు తీగలతో నేసిన జాలీ. టీ వడకట్టే జాలీ అంత సన్నం. పైన్ సూదులు, మేపుల్ గింజలు, షింగిల్స్ నుంచి రాలే ఇసుకరవ్వలు... వేటినీ లోపలికి రానివ్వదు. ఆకుల విషయంలో అన్నిటికన్నా మెరుగైంది ఇదే. చలిలో మాత్రం జాలీ కళ్లమీద మంచుపొర కట్టుకుంటుంది. అది కరిగేదాకా నీరు పైనుంచి పొర్లుతుంది. జాలీ కింద గట్టి అల్యూమినియం చట్రం ఉన్నదీ, కప్పు వాలుకు తగ్గట్టు ముందుకు వాలి కూర్చునేదీ అయితే మంచు బరువుకు కుంగదు, చెత్తా నిలవదు. చదునుగా పడుకునే రకం, ప్లాస్టిక్ చట్రం రకం వద్దు. పుప్పొడీ చెట్టుజిగురూ అంటుకుంటే దీన్నీ ఏడాదికోసారి పొడవాటి కర్రబ్రష్షుతో తుడవాల్సిందే.

ఇప్పుడు చెప్పండి... జన్మలో శుభ్రం చేయక్కర్లేని రకం ఏదైనా ఉందా? లేదు. శ్రమ తగ్గించే రకాలున్నాయి, అంతే.

ముందు చెట్టును చూడండి

గార్డు ఎంచుకునేది కరపత్రం చూసి కాదు, పెరడు చూసి. కొత్త కాలనీల్లో చెట్లన్నీ మనిషెత్తు మొక్కలే. అక్కడ పదేళ్లదాకా గార్డు అక్కర్లేకపోవచ్చు. ఏడాదికి రెండుసార్లు మనిషిని పెట్టి శుభ్రం చేయిస్తే సరి. ఇంటిమీదికి వాలిన ఓక్, మేపుల్ ఉంటే అల్యూమినియం జల్లెడ. పైన్ చెట్లుంటే స్టీలు వల. పైన్ సూదులు ఏడాది పొడవునా రాలుతూనే ఉంటాయి, పెద్ద చిల్లుల్లోంచి నిలువుగా దిగిపోతాయి మరి.

తర్వాత కప్పును చూడాలి. వాలు ఎక్కువున్న కప్పు మీదనుంచీ, రేకు కప్పు మీదనుంచీ మంచు ఒక్కసారిగా పలకలుగా జారిపడుతుంది. ఆ దారికి గట్టర్‌గానీ గార్డుగానీ అడ్డంగా లేచి ఉంటే పీక్కుపోతుంది. కప్పు వాలును కిందికి పొడిగించి గీసిన గీతకన్నా గట్టర్ ముందు అంచు దిగువన ఉండాలి. రేకు కప్పయితే మంచు జారకుండా ఆపే చిన్న అడ్డుకట్టల్ని కప్పు మీదే పెట్టించుకోవాలి.

ఇక గట్టర్ సంగతి. వంకర దోనెకు బంగారు మూత వేసి లాభం లేదు. గట్టర్‌ను చూరు పలకకు పట్టి ఉంచే కొక్కేలు మామూలుగా రెండడుగులకొకటి వేస్తారు. మంచు ఎక్కువగా కురిసే చోట అడుగు నుంచి అడుగున్నర దూరానికొకటి ఉండాలి. పది అడుగుల పొడవుకు కనీసం పావు అంగుళం వాలు ఉండాలి. లేకపోతే నీరు నిలిచి అక్కడే గడ్డకడుతుంది. గట్టర్ వెనకనున్న చెక్క పుచ్చిపోయి ఉంటే ముందు అది మార్పించాలి. డౌన్‌స్పౌట్ నీళ్లు పునాదికి నాలుగైదు అడుగుల అవతల పడాలి. అలాగని నడకదారి మీద కాదు. అక్కడ పడితే తెల్లారేసరికి అద్దంలా గడ్డకట్టి ఉంటుంది.

అసలు మందు అటక మీద

మంచు ఊడలూ, సీలింగ్ మరకలూ మీ సమస్య అయితే గార్డు డబ్బును ముందు అటకకు మళ్లించడం మేలు. అందులోనూ ఓ వరస ఉంది.

మొదట సందులు మూయించాలి. ఇన్సులేషన్ ఎంత పరిచినా గాలి దాన్ని దాటుకుని పోతుంది. స్వెటర్ ఎంత మందంగా ఉన్నా గాలికి చలి వేస్తుంది కదా! అటక తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వేయడం, సీలింగ్ దీపాల చుట్టూ, వైర్లూ పైపులూ వెళ్లేచోటా సీలు చేయించడం చిన్న పనులే. దీపాల దగ్గర మాత్రం వేడి తట్టుకునే పదార్థమే వాడాలి. స్నానాలగది ఫ్యాను, వంటింటి పొగ లాగే చిమ్నీ గొట్టం ఎక్కడ తెరుచుకుంటున్నాయో తప్పక చూడాలి. అవి ఇంటి బయటికి పోవాలి. కొన్ని పాత ఇళ్లల్లో అటకలోకే వదిలేస్తుంటారు. ఇడ్లీ ఆవిరీ, కుక్కర్ ఆవిరీ, వేడినీళ్ల స్నానాల ఆవిరీ అన్నీ అటకలో చేరితే అటు వేడీ ఇటు తేమా... రెండు చేటులు.

రెండోది ఇన్సులేషన్. చలి రాష్ట్రాల్లో ఏమీ పరచని అటకకు ఎనర్జీ స్టార్ కార్యక్రమం సూచించేది ఆర్-60. ఆర్ అనేది వేడిని ఆపే శక్తికి కొలమానం. అంకె పెరిగేకొద్దీ మంచిది. యంత్రంతో ఊది పరిచే సెల్యులోజ్, ఫైబర్‌గ్లాస్ వంటివాటిలో అది దాదాపు అడుగున్నర నుంచి రెండడుగుల మందం. పాత ఇళ్ల అటక ఎక్కి చూస్తే జానెడు కూడా కనిపించదు.

మూడోది గాలి ఆడటం. చూరు అడుగునున్న చిల్లుల్లోంచి చల్లగాలి లోపలికొచ్చి, కప్పు కొప్పున ఉన్న దారిలోంచి బయటికి పోతుండాలి. అప్పుడే కప్పంతా ఒకేలా చల్లగా ఉంటుంది, మంచు కరక్కుండా అలాగే కూర్చుంటుంది. కొత్తగా ఇన్సులేషన్ పరిచేవాళ్లు తొందరలో చూరు చిల్లుల్ని కప్పేస్తుంటారు. దగ్గరుండి చూసుకోవాలి.

ఎప్పుడైనా కప్పు మార్చాల్సివస్తే షింగిల్స్ కింద జిగురుపొర వేయించుకోవాలి. దాన్ని ఐస్ అండ్ వాటర్ షీల్డ్ అంటారు. మంచుకట్టలు కట్టే ప్రాంతాల్లో చూరు అంచునుంచి మొదలుపెట్టి బయటిగోడ గీత దాటి కనీసం 24 అంగుళాలు లోపలిదాకా వేయాలని నివాస గృహాల నిర్మాణ నిబంధనలు చెబుతాయి. కట్ట కట్టినా నీరు ఇంట్లోకి దిగకుండా కాపాడే చివరి కవచం ఇది.

ఇంతా చేసినా కప్పు ఆకారం వల్ల ఏదో ఓ మూల గడ్డకడుతూనే ఉంటే అప్పుడు వేడి తీగల ఆలోచన చేయాలి. చూరు వెంటా గట్టర్ లోపలా పరిచే కరెంటు తీగలవి. నీళ్లకు దారి చేస్తాయి. కరెంటు బిల్లు పెంచుతాయి. ఆ తీగలకు మీరు కొనే గార్డు అనుకూలమో కాదో ముందే అడగాలి.

ఈ రాత్రికి గండం గడవాలంటే...

మంచుకట్ట కట్టేసింది, సీలింగ్ కారుతోంది. అప్పుడేం చేయాలి? గొడ్డలీ సుత్తీ పట్టుకుని కప్పెక్కొద్దు. గడ్డతోపాటు షింగిల్స్ కూడా పగులుతాయి, మనిషి జారితే ప్రాణమ్మీదికొస్తుంది. వంటింటి ఉప్పులాంటి రాతి ఉప్పూ చల్లొద్దు. లోహాన్ని తినేస్తుంది, కింద మొక్కల్ని చంపేస్తుంది. కాల్షియం క్లోరైడ్ గుళికల్ని పాత మేజోడులో నింపి కట్టకు అడ్డంగా నిలువుగీతలా పెడితే, అది కరిగించుకుంటూ నీళ్లకు కాలువ చేస్తుంది. పెద్ద కట్టయితే ఆవిరితో కరిగించే పనివాళ్లను పిలవాలి.

మంచు కురిసిన ప్రతిసారీ చేయగలిగిన పని ఇంకోటి ఉంది. పొడవాటి కర్రకు పలక బిగించిన రూఫ్ రేక్ అనే పారతో, నేలమీద నిలబడే చూరు అంచునుంచి మూడు నాలుగడుగుల మంచును కిందికి లాగేయొచ్చు. మంచే లేకపోతే కట్టేమిటి! కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే మాత్రం ఆ జోలికి పోవద్దు.

నిచ్చెన దగ్గర నాన్నలు

ఇండియానుంచి వచ్చిన నాన్నలకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. 'ఈమాత్రం దానికి మనిషికి డబ్బులెందుకురా, నేను తీస్తాగా' అని నిచ్చెనేసేస్తారు. ఊళ్లో కొబ్బరిచెట్టు ఎక్కిన ధైర్యం మరి! ప్రయాణ బీమా మీద వచ్చిన పెద్దవాళ్లకు తుంటి విరిగితే ఆ ఖర్చు ముందు గార్డుల ఖర్చు ఏపాటిది? రెండంతస్తుల ఇంటికి గార్డు కొనడానికి ఒకే ఒక్క గట్టి కారణం చెప్పమంటే ఇదే చెప్పుకోవాలి. నిచ్చెన ఎక్కే సందర్భాలు తగ్గడం.

ఎక్కక తప్పదంటే నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున నిచ్చెన కాలును గోడకు ఎడంగా పెట్టాలి. గట్టర్‌కి ఆనించొద్దు, అది వంగుతుంది, నిచ్చెన జారుతుంది. కింద ఒకరు పట్టుకోవాలి. నేల గడ్డకట్టిన రోజున అసలే వద్దు.

శుభ్రం చేయడానికి సమయం ఆకులు చాలావరకు రాలిన వెంటనే. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో చూద్దాంలే అనుకుంటే ఒక్కోసారి మంచు ముందుగానే దిగిపోతుంది. 1991లో మినియాపొలిస్-సెయింట్ పాల్ జంట నగరాల్లో హాలోవీన్ రోజున మొదలైన మంచు, నవంబరు 3 నాటికి 28.4 అంగుళాలు కురిసి ఊరుకుంది. ఎత్తని ఆకులన్నీ దానికిందే ఉండిపోయాయి.

'ఈ ధర ఈ ఒక్కరోజే!'

గార్డుల ధర అడుగు లెక్క. సొంతంగా బిగించుకునే జల్లెడ అడుగుకు రెండు మూడు డాలర్లకే దొరుకుతుంది. సంస్థవాళ్లే వచ్చి బిగించేది ఇరవై, ముప్పై డాలర్లదాకా చెబుతారు. నూటయాభై అడుగుల గట్టర్‌కి అడుగు 25 డాలర్లంటే 3,750 డాలర్లు. ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయించడానికి మీ ఊళ్లో మొత్తం నాలుగొందలు అవుతుందనుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లకు పైగా పడుతుంది. అయిదేళ్లలో ఇల్లు మారే ఆలోచన ఉంటే లెక్క మళ్లీ వేసుకోవాలి. టౌన్‌హోమ్ అయితే ఇంకో సంగతి. గట్టర్ల బాధ్యత మీదో, ఇళ్ల యజమానుల సంఘానిదో ముందు తేల్చుకోవాలి.

అమ్మకానికి వచ్చినవాళ్లు మొదట ఓ పెద్ద అంకె చెబుతారు. తర్వాత మేనేజరుకు ఫోన్ చేసి సగానికి దింపుతారు. ఆపైన 'ఈ ధర ఈ రాత్రికే' అంటారు. నిజంగా మంచి ధర అయితే రేపు కూడా మంచిదే. మూడు చోట్ల అడిగాకే సంతకం. ఒకవేళ మొహమాటానికి చేసేసినా కంగారు పడక్కర్లేదు. అమెరికాలో ఇంటికొచ్చి అమ్మిన 25 డాలర్లు, అంతకు మించిన వ్యవహారాన్ని మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే హక్కును ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఇస్తోంది. రద్దు పత్రం రెండు ప్రతులు అమ్మినవాళ్లే ఇవ్వాలి. కెనడాలోని ఒంటారియోలో ఇంటిదగ్గర కుదిరిన ఒప్పందాలకు ఈ గడువు పది రోజులు.

సంతకానికి ముందు అడగాల్సినవి ఇవి:

* గార్డును దేనికి బిగిస్తారు? షింగిల్స్ కింద దూర్చే రకమైతే కప్పు వారంటీ పోయే ప్రమాదం ఉంది. గట్టర్ అంచుకు బిగించే రకం మేలు.

* వారంటీ దేనికి? రేకు తుప్పుకా, పూడిక తీయడానికీనా? మంచు బరువుకు వంగితే వర్తిస్తుందా? ఇల్లు అమ్మితే కొన్నవాళ్లకు వస్తుందా?

* కడగాల్సివస్తే ఎవరు తెరుస్తారు? మనం తెరిస్తే వారంటీ పోతుందా?

* పాత గట్టర్ వాలు సరిచేసి, కొక్కేలు పెంచి బిగిస్తారా, ఉన్నదానిమీదే మూత పెట్టేసి పోతారా?

* మంచుకట్టలు రావంటున్నారుగా... ఆ మాట కాగితం మీద రాసిస్తారా?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబే చాలా సంగతులు చెప్పేస్తుంది.

ఇవేవీ ఇప్పుడే తేల్చుకోలేకపోతే పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఈసారి మంచు పడి ఆగిన మర్నాడు కోటు వేసుకుని రోడ్డుకు అవతల నిలబడండి. మీ కప్పునూ పక్కింటి కప్పునూ చూడండి. వాళ్లదాని మీద దుప్పటి చెదరకుండా ఉండి, మీదాని మీద మాత్రం నల్లటి షింగిల్స్ అక్కడక్కడా అప్పుడే తేలాయా? అయితే హీటరుకు కట్టిన డబ్బు అక్కడినుంచి పోతోందన్నమాట. ముందు పిలవాల్సింది గార్డులవాళ్లను కాదు, ఇన్సులేషన్ వాళ్లను.